మామూలు రోజుల వైన్ గురించి సంపాదకులకు లేఖ

సంపాదకులకు నమస్కారం.

వైన్‌ను కొత్తగా ఎంచుకునేవారి కోసం మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రాసినవారికి విషయం మీద మంచి పట్టు ఉంది. అయితే అందులో సూచించిన సీసాలన్నీ బోర్డో, బర్గండీ, బరోలో, నాపా వంటి పేరుమోసిన ప్రాంతాలవే. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఏదో విశేషం ఉన్నప్పుడు తెరిచే సీసాకైతే ఆ జాబితా సరిపోతుంది. వారంలో ఏదో ఒక సాయంత్రం భోజనంతో పాటు ఒక గ్లాసు తాగే మనిషికి మాత్రం అది దారి చూపదు. పైగా ఆ పేర్ల మీద ఆశతో, అవే పేర్లు మోసే అతి చవక సీసాను కొనుక్కుని, వైన్ అంటే ఇంతేనా అని నిరాశపడే ప్రమాదం కూడా ఉంది. 20 ఏళ్లుగా మామూలు వైన్లనే ఇష్టంగా తాగుతూ, వాటి గురించి చదువుతూ వచ్చిన పాఠకుణ్ణి నేను. ఆ వ్యాసం వదిలేసిన భాగం గురించి నాకు తెలిసినంత చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

చవక వైన్లలో మంచిది దొరకాలంటే, ఖరీదైన వైన్‌లా కనిపించాలని తాపత్రయపడే సీసాను పక్కన పెట్టి, ఖరీదైన హంగులు అసలే అక్కర్లేని వైన్‌ను వెతకాలన్నది నా అభిప్రాయం. సీసాకు మనం ఇచ్చే డబ్బు ఎక్కడెక్కడికి పోతుందో గమనిస్తే దీనికి కారణం తెలుస్తుంది. వైన్‌ను నిలవ ఉంచే ఓక్ పీపాలో సాధారణంగా 225 లీటర్లు పడుతుంది, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు సరిగ్గా 300 వస్తాయి. కొత్త పీపా ఖరీదంతా ఆ కొద్ది సీసాలే మోయాలి. మూడు నాలుగు కోతలు గడిచేసరికి ఆ పీపా చెక్క పరిమళం ఇవ్వడం దాదాపు మానేస్తుంది కనుక మళ్లీ కొత్తది కొనాలి. ఏడాదో రెండేళ్లో నేలమాళిగలో ఉంచిన సరుకు మీద పెట్టుబడి అన్నాళ్లూ కదలకుండా ఉండిపోతుంది. ఇవన్నీ భరించి తయారయ్యే వైన్ చవకగా రాదు, రాలేదు. అందుకే అదే రుచిని తక్కువ ఖర్చుతో చూపించాలనుకునేవారు ఉక్కు తొట్టెలోని వైన్‌లో ఓక్ చెక్కముక్కలను నానబెడతారు. యూరోపియన్ యూనియన్ కూడా 2006లో ఈ పద్ధతిని అనుమతించింది. అది నేరమూ కాదు, కల్తీ కూడా కాదు. అయితే అలా వచ్చిన వెనిలా, కాల్చిన చెక్క వాసనలు పలుచని ద్రాక్షరసం మీద ముసుగులా కూర్చుంటాయి. ఆ ముసుగు కింద లోపం తెలియకుండా కొంత చక్కెర కూడా పులియకుండా మిగిల్చారంటే, మొదటి గుక్క బాగున్నట్టే ఉండి, రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది.

మరి ఏ వైన్‌కు హంగులు అక్కర్లేదు? ఇక్కడ రుచి గురించి రెండు మాటలు చెప్పాలి. ద్రాక్షను పిండి, తొక్కలు తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే వైట్ వైన్ అవుతుంది. నల్ల ద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే రంగూ వగరూ రసంలోకి దిగి రెడ్ వైన్ అవుతుంది. ఆ వగరుకు కారణమైన టానిన్ గురించి ఆంగ్ల పుస్తకాలు పేజీలకు పేజీలు వివరిస్తాయి. వగరును ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టిన మన భాషలో ఆ ఒక్క మాటే చాలు. వైట్ వైన్‌కు ప్రాణం పులుపు. చల్లని ప్రాంతంలో, సముద్రపు గాలి తగిలే చోట పండిన ద్రాక్షలో ఆ పులుపు తనంతట తానే ఉంటుంది, దానికి ఎవరూ ప్రత్యేకంగా ఖర్చుపెట్టనక్కర్లేదు. రెడ్ వైన్‌కు తొక్క పూర్తిగా పండడం ముఖ్యం, పండని తొక్క వగరు నాలుకను గీరుతుంది. ఎండ పుష్కలంగా ఉండి, వాన తక్కువ పడే చోట ఆ పండడం కూడా ఉచితంగానే జరిగిపోతుంది. కాబట్టి తక్కువ ఖర్చులో తెలుపును చల్లని చోటు నుంచి, ఎరుపును ఎండ కాసే చోటు నుంచి ఎంచుకోవడం నేను పాటించే మొదటి సూత్రం. దీనికి మినహాయింపులున్నాయి, వాటి గురించి కూడా చెబుతాను.

వైట్ వైన్లలో నేను ముందుగా చెప్పేది మస్కడే గురించి. ఫ్రాన్స్‌లో లువార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట, నాంత్ నగరం చుట్టుపక్కల తయారవుతుంది. పేరు వినగానే మస్కట్ ద్రాక్షతో చేస్తారేమో, తియ్యగా ఉంటుందేమో అనుకునేవారున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ వైన్ చేసే ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్య. 1709 నాటి భయంకరమైన చలికి ఆ ప్రాంతపు తోటలు చాలావరకు చచ్చిపోయాక, చలికి తట్టుకుంటుందన్న కారణంతో ఈ ద్రాక్ష అక్కడ విస్తరించింది. ఒంటరిగా చూస్తే ఇది పెద్దగా పరిమళం లేని ద్రాక్ష. అక్కడి రైతులు దానికి కనిపెట్టిన ఉపాయంలో మాత్రం ఖర్చు ఏమీ లేదు. పులియడం ముగిశాక అడుగున చేరే ఈస్ట్ మడ్డిని వెంటనే తీసేయకుండా చలికాలమంతా వైన్‌ను ఆ మడ్డి మీదే ఉంచి, వసంతంలో నేరుగా సీసాల్లోకి పడతారు. దానివల్ల పలుచని వైన్‌కు కొంచెం చిక్కదనం, రొట్టె పిండి వాసనను తలపించే ఒక లోతు వస్తాయి. సీసా మీద 'స్యూర్ లీ' అని ఉంటే ఈ పద్ధతిలో చేసినదని అర్థం. నిమ్మ, ఆకుపచ్చ ఆపిల్, సముద్రపు ఉప్పుగాలి గుర్తుకొచ్చే ఈ వైన్‌లో ఆల్కహాల్ కూడా సాధారణంగా 12 శాతం దగ్గరే ఉంటుంది. అడిగేవారు తక్కువ కావడం వల్లనే దీనికి రావలసిన ధర రావడం లేదని నా నమ్మకం. చేపలతోనూ, నిమ్మకాయ పిండుకునే ఏ వంటతోనైనా ఇంత హాయిగా ఒదిగే వైన్ మరొకటి చెప్పమంటే నేను తడుముకుంటాను.

మస్కడే నచ్చినవారు దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరపు పిక్‌పూల్ ద పినే కూడా రుచి చూడవచ్చు. ఎండ కాసే చోటైనా పులుపు వదలని ద్రాక్ష అది. 2013లో ఆ వైన్‌కు చట్టం గుర్తించే సొంత ప్రాంతనామం లభించింది. పోర్చుగల్ వాయవ్యమూల నుంచి వచ్చే వీన్యో వెర్ద్ ఇంకా తేలికైనది. ఆ పేరుకు పచ్చి వైన్ అని అర్థం, రంగు గురించి కాదు, లేతదనం గురించి. చాలా సీసాల్లో నాలుక మీద చిరుబుడగలు తగులుతాయి, ఆల్కహాల్ 9 నుంచి 11 శాతం మధ్యలో ఉండే రకాలు సులభంగా దొరుకుతాయి. కోత్ ద గాస్కోన్య కథ వేరు. అర్మన్యాక్ అనే బ్రాందీ కాచడానికి నాటిన కొలోంబార్, యూని బ్లాంక్ ద్రాక్షలకు బ్రాందీ గిరాకీ తగ్గినప్పుడు అక్కడివారు వాటితో నేరుగా తాగే వైట్ వైన్ చేయడం మొదలుపెట్టారు. సావిన్యాన్ బ్లాంక్ వైట్ వైన్‌లోని ఆకు వాసన, నారింజ జాతి పండ్ల పరిమళం ఇష్టపడేవారికి ఇది తక్కువలో దొరికే మంచి ప్రత్యామ్నాయం.

నేను చెప్పిన మినహాయింపుల్లో మొదటిది దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్. అక్కడి తోటల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ద్రాక్ష అదే, ప్రపంచంలో మరే దేశంలోనూ అంత షెనిన్ లేదు. చాలాకాలం అక్కడ దాన్ని స్టీన్ అని పిలిచారు. అది లువార్ లోయలోని షెనిన్ ద్రాక్షేనని 1960లలో గాని తేలలేదు. వెచ్చని వాతావరణంలో కూడా పులుపును పట్టి ఉంచుకోవడం ఈ ద్రాక్ష స్వభావం కనుక, అక్కడ పండినదానిలో పండ్ల నిండుదనం, చురుకైన పులుపు రెండూ కలిసి ఉంటాయి. ఒకప్పుడు బ్రాందీ కోసమే నాటిన తోటలు వయసు పైబడి, తక్కువ కాపుతో, చిక్కని రసం ఇచ్చే స్థితికి వచ్చాయి. అలాంటి ముదురు తీగల నుంచి ఓక్ తగలకుండా చేసిన షెనిన్ తక్కువ డబ్బుకు దొరికే అత్యుత్తమమైన వైట్ వైన్లలో ఒకటని నేను గట్టిగా చెబుతాను. షార్డొనే వైట్ వైన్ కొనాలనుకుని తక్కువ డబ్బుతో వెళ్లినవారికి నేనిచ్చే సలహా ఎప్పుడూ ఇదే.

రీస్లింగ్ పేరు చెబితే చాలామంది తియ్యటి వైన్ అని తప్పుకుంటారు. జర్మన్ సీసా మీద 'ట్రోకెన్' అని ఉంటే అది తీపి లేనిది. 'కాబినెట్' అని మాత్రమే ఉండి, ఆల్కహాల్ 8 లేదా 9 శాతం ఉంటే ద్రాక్ష చక్కెర కొంత మిగిలిందని ఊహించుకోవచ్చు. ఆ తీపి వెనుక కత్తిలాంటి పులుపు ఉంటుంది, కారం ఎక్కువైన వంటతో ఆ రెండూ కలిసి చేసే పని చాలా తీపి లేని వైన్లకు చేతకాదు. కారం మంటను ఆల్కహాల్ పెంచుతుంది, వగరు కూడా పెంచుతుంది. కొద్దిపాటి తీపి చల్లారుస్తుంది. ఇటలీ నుంచి ఒక్కటే చెప్పాలంటే సోవావే చెబుతాను. అందులో కనీసం 70 శాతం గార్గనేగా ద్రాక్ష ఉండాలి. చదునైన నేల మీద విరివిగా పండించిన సోవావే నీళ్లలా ఉంటుంది గనుక, లేబుల్ మీద 'క్లాసికో' అని ఉన్నదాన్నే, అంటే పాత కొండవాలు తోటల సరుకునే తీసుకోవాలి.

ఇక రెడ్ వైన్లు. ముందు ఒక హెచ్చరిక చేయక తప్పదు. పినో న్వార్‌ను చవకగా కొనే ప్రయత్నం మానుకోవడం మంచిది. పలుచని తొక్క, తక్కువ కాపు, వాతావరణం కొంచెం మారినా అలిగే స్వభావం ఉన్న ఆ ద్రాక్షను మంచిగా పండించడానికి ఖర్చు తప్పదు, తగ్గించిన ఖర్చు గ్లాసులో తెలిసిపోతుంది. ఆ తేలికదనం, ఆ ఎర్రని పండ్ల వాసన కావాలనుకునేవారు గామే ద్రాక్షతో చేసే బోజొలే వైపు చూడాలి. 1395లో బర్గండీ ప్రభువు ధీరుడైన ఫిలిప్ ఈ గామే తీగను నమ్మకద్రోహిగా నిందించి, తన నేలల నుంచి పెరికేయమని ఆజ్ఞాపించాడు. దక్షిణాన బోజొలే కొండల గ్రానైట్ నేలల్లో ఆ తీగ తన అసలు గుణం చూపించింది. గామేలో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. అందువల్ల తొక్క పండడానికి మండుటెండ అక్కర్లేదు, ఇది నా రెండో మినహాయింపు. నవంబరు మూడో గురువారం విడుదలయ్యే 'నువో' రకం తాగి బోజొలే అంటే ఇదేనని తేల్చేసినవారు, దయచేసి 'బోజొలే విలాజ్' అని ఉన్న సీసాను ఒకసారి తెరవాలి. వీలైతే మోర్గాన్, ఫ్లూరీ వంటి 10 ప్రత్యేక గ్రామ ప్రాంతాల్లో ఒకదాని పేరున్న సీసాను ప్రయత్నించాలి. వాటికీ వాటి పక్కనే ఉన్న బర్గండీ వైన్లకూ ధరలో ఉన్నంత తేడా రుచిలో నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఎండ కాసే చోట్ల రెడ్ వైన్లలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంతపు గర్నాచా. కలతాయుద్, కంపో దె బోర్హా, కరిన్యేనా అనే మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. గర్నాచా ద్రాక్షను ఫ్రాన్స్‌లో గ్రెనాష్ అంటారు. అక్కడ ఎత్తైన పొడి నేలల్లో, నీటి తడి లేకుండా, తీగలు పందిరి ఎక్కకుండా నేల మీద పొదల్లా పెరుగుతాయి. వయసు మళ్లిన తీగ కాపు తగ్గించి రసం చిక్కబరుస్తుంది. వేరే ప్రఖ్యాత ప్రాంతంలోనైతే అటువంటి తీగల వైన్ ధర రెట్టింపు పైన పలికేది. అరగాన్‌కు ఆ పేరు లేదు గనుక ఆ రసం మనకు అందుబాటులో ఉంది. ఎర్రని పండ్లు, మిరియాలు, ఎండిన మూలికల వాసన, మెత్తని వగరు దీని గుణాలు. ఒక లోపం కూడా చెప్పాలి. ఈ ద్రాక్షలో చక్కెర పుష్కలంగా చేరుతుంది కనుక ఆల్కహాల్ 14, 14.5 శాతానికి తరచూ ఎక్కుతుంది. లేబుల్ చూసి, తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవడం నా అలవాటు.

దక్షిణానికి దిగితే హుమీయా ప్రాంతంలో మొనాస్ట్రెల్ అనే ద్రాక్షతో చేసిన వైన్ దొరుకుతుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పేను యూరప్ తోటలను నాశనం చేసినప్పుడు, అమెరికన్ జాతి వేళ్లకు అంటుకట్టడం తప్ప రైతులకు మరో దారి లేకపోయింది. ఆ పురుగు ఇసుక నేలల్లో బతకలేదు, అందుకే హుమీయాకు చాలా ఆలస్యంగా, 1989లో వచ్చింది. అంటుకట్టకుండా సొంత వేళ్ల మీద నిలిచిన పాత తీగలు కొన్ని ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఈ వైన్ చిక్కగా, నల్లగా, మాంసాహారంతో బాగా సరిపడేలా ఉంటుంది. ఒంటరిగా తాగడానికి మాత్రం బరువనిపించవచ్చు. ఫ్రాన్స్ కావాలంటే కోట్ ద్యు రోన్ తీసుకోవచ్చు. గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ కలిపి చేసే ఆ వైన్‌లో 'విలాజ్' అని అదనంగా రాసి ఉన్న మెట్టు మామూలు మెట్టుకన్నా కొద్దిగానే ఎక్కువ ధర, రుచిలో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇటలీలో మోంటెపుల్చానో దబ్రుజ్జో మంచి ఎంపిక. టస్కనీలోని మోంటెపుల్చానో అనే ఊరి పేరుతో వచ్చే 'వినో నోబిలే'తో దీన్ని కలపకూడదు. అక్కడ అది ఊరి పేరు, ద్రాక్ష సాంజోవేసే. అబ్రుజ్జోలో మోంటెపుల్చానో అన్నది ద్రాక్ష పేరు. పులుపు, పండు, వగరు మూడూ సమంగా ఉండే ఈ వైన్ టమాటా వేసిన వంటలకు చాలా అనుకూలం.

దక్షిణ అమెరికా నుంచి మాల్బెక్ గురించి అందరికీ తెలుసు గనుక ఎక్కువ చెప్పను. అర్జెంటీనాలో దాదాపు 1000 మీటర్ల ఎత్తున్న మెండోజా తోటల్లో పగటి ఎండ, రాత్రి చలి కలిసి ఈ ద్రాక్షను తీర్చిదిద్దుతాయి, అక్కడ ఓక్ తగలని మాల్బెక్ దొరికితే దాన్నే తీసుకోవాలి. అంతగా ప్రచారం లేనిది చిలీలోని కార్మెనేర్. బోర్డోలో పుట్టి, ఫిలోక్సెరా తరవాత అక్కడ దాదాపు కనుమరుగైన ఈ ద్రాక్షను చిలీలో దశాబ్దాల పాటు మెర్లో అనుకుని పండించారు. ఫ్రెంచ్ ద్రాక్ష నిపుణుడు ఝాన్ మిషెల్ బుర్సికో 1994లో తోటలో తీగను చూసి గుర్తుపట్టేదాకా ఆ సంగతి తెలియలేదు. మెర్లో కంటే వారాలు ఆలస్యంగా పండే ఈ ద్రాక్షను మెర్లోతో పాటే కోసేయడం వల్ల అంతకు ముందు చిలీ మెర్లోలో పచ్చి మిరప వాసన వచ్చేది. సరిగ్గా పండనిచ్చి కోసిన కార్మెనేర్‌లో అదే వాసన మిరియం, కాఫీ గింజ ఛాయల్లోకి మారి, నునుపైన వగరుతో హాయిగా ఉంటుంది.

ఖరీదు పెరిగితే రుచి పెరుగుతుందన్న నమ్మకం గురించి కూడా మీ పాఠకులకు తెలియజేయాలి. 2008లో కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలు 20 మందికి ఒకే క్యాబర్నే సావిన్యాన్ రెడ్ వైన్‌ను వేర్వేరు ధరలు చెప్పి తాగించి, మెదడును స్కాన్ చేశారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు వారు ఎక్కువ నచ్చిందని చెప్పడమే కాదు, సంతోషాన్ని నమోదుచేసే మెదడు భాగం కూడా ఎక్కువగా స్పందించింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో ధర తెలియకుండా 6,000కు పైగా రుచి పరీక్షలు జరిపితే, వైన్‌లో శిక్షణ లేనివారు సగటున ఖరీదైన వైన్‌ను కొంచెం తక్కువగానే మెచ్చుకున్నారు. శిక్షణ ఉన్నవారిలో మాత్రం ఖరీదైనదాని వైపు మొగ్గు ఉండవచ్చని అదే అధ్యయనం సూచించింది. కాబట్టి గొప్ప వైన్లన్నీ బూటకమని నేను అనడం లేదు. రెండు మూడు సీసాలకు కాగితం చుట్టి, ఏది ఏదో తెలియకుండా నలుగురు స్నేహితులతో కలిసి తాగిచూస్తే తన నాలుకకు ఏది నచ్చుతుందో ఎవరైనా ఒక్క సాయంత్రంలో తెలుసుకోవచ్చు. మా స్నేహితుల మధ్య ఇలా చేసిన ప్రతిసారీ కనీసం ఒకరి అభిప్రాయమైనా మారింది, చాలాసార్లు అది నాదే.

సీసా ముందు నిలబడ్డప్పుడు పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను. స్పెయిన్‌లో 'రెసెర్వా' అన్న మాటకు చట్టం ఉంది: రెడ్ వైన్ అయితే మూడేళ్ల నిలవ, అందులో కనీసం ఏడాది ఓక్‌లో. చాలా దేశాల్లో 'రిజర్వ్' అన్న మాటకు అటువంటి బలం లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. 'పాత తీగలు' అన్న మాట కూడా చాలాచోట్ల అంతే. సీసా బరువు నాణ్యతకు కొలత కాదు, ఆ గాజుకూ రవాణాకూ డబ్బు మనదే. మరమూతను చూసి చిన్నచూపు చూడనక్కర్లేదు. 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ రీస్లింగ్ తయారీదారులు కలిసికట్టుగా కార్క్ మానేసి మరమూతకు మారారు, న్యూజిలాండ్ తయారీదారులు వారిని అనుసరించారు. దీనికి కారణం కార్క్ వల్ల కొన్ని సీసాలకు పట్టే తడి అట్ట వాసన. తక్కువ ధర వైట్ వైన్‌ను మరమూతతోనే కొనడం నాకిష్టం. రంగులేని గాజు సీసాను దుకాణంలో దీపాల వెలుగులో నిలబెట్టి ఉంచితే లోపలి వైన్ వాసన చెడుతుంది, కాబట్టి వెనుక వరసలోనిది అడిగి తీసుకోవాలి. కోత సంవత్సరం తప్పక చూడాలి. నేను పైన చెప్పిన వైట్ వైన్లు ఎక్కువ భాగం కోత జరిగిన రెండేళ్లలోపు తాగవలసినవి, రెడ్ వైన్లు మూడు నాలుగేళ్లలోపు. షెనిన్, రీస్లింగ్, మంచి గ్రామపు బోజొలే ఇంకా ఆగుతాయి. పాతబడినకొద్దీ వైన్ మెరుగవుతుందన్నది చాలా కొద్ది సీసాలకే వర్తించే మాట, చవక వైన్‌కు అది దాదాపు ఎప్పుడూ వర్తించదు.

కొన్న వైన్‌ను పాడుచేసేది ఎక్కువగా వేడి. రెడ్ వైన్‌ను గది వేడిమిలో ఇవ్వాలన్న సలహా చలి దేశాల్లో, వెచ్చబెట్టని గదుల కాలంలో పుట్టింది. 30 డిగ్రీల గదిలోని రెడ్ వైన్‌లో ఆల్కహాల్ ముందుకొచ్చి పండు వెనక్కి పోతుంది. 15 నుంచి 18 డిగ్రీలు చాలు, గామే వంటి తేలికపాటి రెడ్ వైన్‌కు 12, 13 కూడా బాగుంటుంది. అంటే తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. వైట్ వైన్‌ను గడ్డకట్టేంత చల్లగా తాగితే వాసన ఏమీ తెలియదు. 8 నుంచి 12 డిగ్రీలు సరైనది. తెరిచిన సీసాకు మూత బిగించి, రెడ్ అయినా వైట్ అయినా ఫ్రిజ్‌లోనే ఉంచితే మూడు రోజులు బాగానే నిలుస్తుంది. ఇంట్లో తాగేది ఒకరే అయితే పెట్టె వైన్ అన్నిటికన్నా లాభం. 1965లో ఆస్ట్రేలియాలో థామస్ యాంగోవ్ పేటెంట్ పొందిన ఈ పద్ధతిలో వైన్ తీసినకొద్దీ లోపలి సంచి ముడుచుకుపోతుంది కనుక గాలి తగలదు, తెరిచాక నాలుగు వారాలైనా తాజాగా ఉంటుంది. 3 లీటర్ల పెట్టె అంటే నాలుగు సీసాలు, గాజు ఖర్చు లేకుండా. కొత్తగా కొనేవారికి ఇందులో ఉన్న ఇబ్బంది పెట్టెను చూసి సరుకును తక్కువగా అంచనా వేయడమే. అయితే ఏళ్ల తరబడి దాచుకోవడానికి పెట్టె పనికిరాదు, తేదీ చూసి కొనాలి.

చివరిగా ఆల్కహాల్ గురించి. రోజువారీ వైన్ అంటే ప్రతిరోజూ తాగే వైన్ అని నా ఉద్దేశం కాదు, విశేషం లేని రోజున తెరిచే వైన్ అని. రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాటను నేను ఈ లేఖలో ఎక్కడా వాడలేదు, మీ వ్యాసం వాడింది. ఆల్కహాల్ పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. తాగనివారు వైన్ కోసం తాగడం మొదలుపెట్టవలసిన అవసరం ఏమీ లేదు. తాగేవారు మాత్రం ఒక లెక్క తెలుసుకోవాలి. 12 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో 90 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది, 14.5 శాతం ఉన్నదానిలో దాదాపు 109. గ్లాసు అదే, సీసా అదే, లోపలికి పోయేది మాత్రం అయిదో వంతు ఎక్కువ. మస్కడే, వీన్యో వెర్ద్, కాబినెట్ రీస్లింగ్, బోజొలే వంటివాటిని నేను ముందుకు తేవడానికి రుచి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంత కారణం.

మీరు మళ్లీ వైన్ గురించి వ్యాసం ప్రచురించే సందర్భం వస్తే, సూచించే ప్రతి సీసా పక్కన మూడు వివరాలు అచ్చువేయాలని కోరుతున్నాను: కోత సంవత్సరం, ఆల్కహాల్ శాతం, మిగిలిన చక్కెర లీటరుకు ఎన్ని గ్రాములన్నది. తయారీదారులు చాలామంది ఈ మూడో వివరాన్ని అడిగితే ఇస్తారు. యూరోపియన్ నిబంధనల ప్రకారం తీపి లేని వైన్ అంటే సాధారణంగా 4 గ్రాముల లోపు చక్కెర ఉన్నది, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు. ప్రసిద్ధమైన కొన్ని చవక రెడ్ వైన్లలో ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, లేబుల్ మీద ఆ సంగతి చాలాసార్లు కనిపించదు. ఆ అంకె మీ పత్రికలో కనిపిస్తే పాఠకుడు తాను దేనికి డబ్బు ఇస్తున్నాడో తెలుసుకుని కొంటాడు.

ఇట్లు,
మీ పత్రిక చిరకాల పాఠకుడు